పాలగిన్నె ముట్టని హంస

మల్లారి తలకు గొల్లపాగా చుట్టి, భుజానికి పాలకావడి ఎత్తుకునే వేళకు పొద్దు బారెడెక్కింది. ఆ పాగా అతనిది కాదు, ఆ కావడీ అతనిది కాదు. తూర్పు సరిహద్దు కోటలో పదేళ్లుగా విల్లు పట్టిన భుజం, ఉన్నట్టుండి పాలకుండలు మోయమంటే ఊరుకుంటుందా? పది అడుగులు వేసేసరికి కావడి అటూ ఇటూ ఊగి పాలు చిందాయి.

"ఓరి నీ నడక తగలెయ్యా! పాలు తీసుకెళ్తన్నావా, వీధికి కళ్లాపి చల్లతన్నావా?" అంటూ వెనకనుంచి ఎర్రగంగులు నెత్తి బాదుకున్నాడు. రోజూ న్యాయసభకు పాలు పోసే అసలు గొల్లవాడు అతనే. ఈ ఒక్క రోజుకూ తన వేషం మల్లారికిచ్చి, తాను సందు మొగలో దాక్కుంటున్నాడు. నిరుడు వరదలో, నిండుచూలాలైన తన పెళ్లాన్ని ప్రాణాలకు తెగించి పడవలో అవతలి గట్టుకు చేర్చిన రేవమ్మను అతను మరిచిపోలేదు.

ఆ రేవమ్మే మల్లారికి అక్క. తల్లి పోయిన నాటినుంచి తల్లయి పెంచిన అక్క. నీలిక నదిలో పడవ నడిపి పదిమందినీ ఒడ్డుకు చేర్చే ఆ మనిషిని, ఇవాళ పొద్దు వాలేలోగా మొసళ్ల మడుగులోకి తోసేస్తారు! ఆమె చేసిన నేరం ఏమయ్యా అంటే, ఒక రత్నాల వర్తకుణ్ణి పడవ ఎక్కించుకోవడం. ఆ వర్తకుడు తరువాత ఎవరికీ కనిపించలేదు. "అవతలి గట్టున దిగి పొన్నచెట్ల దారిన పోయాడు బాబూ, నా కళ్లారా చూశాను" అని ఆమె మొత్తుకుంది. కానీ చూసిన కళ్లు ఆమెవి రెండే. న్యాయహంస ముక్కు ఎర్రగిన్నెలో మునిగింది. ఆమె దోషి అని తేలిపోయింది.

ఈ న్యాయహంస సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. మందారక రాజ్యాన్నేలే ఉదయకంఠీరవ మహారాజు మంచివాడే, కానీ విసిగిపోయినవాడు. ఆయన న్యాయాధికారుల్లో ఒకడు బావమరిదిని చూస్తే కళ్లు మూసుకునేవాడు, మరొకడు పొరుగువాడిమీద కోపం తీర్పులో తీర్చుకునేవాడు. అలాంటి రోజుల్లో పగడదీవి నుంచి విద్రుమాచార్యుడనే యాంత్రికుడు ఓడ దిగాడు. "మహారాజా, చుట్టాలు లేని న్యాయమూర్తిని తయారుచేసి ఇస్తాను. దానికి ఆకలి లేదు, అలుపు లేదు, అలక లేదు. మీ రాజ్యంలో ఉన్న పాత తీర్పుల తాటాకులన్నీ నాకు ఇప్పించండి, చాలు" అన్నాడు. రాజు ఆయన్ను నెత్తిన పెట్టుకున్నాడు. మూడు వందల ఏళ్ల తాటాకులు ఒక్కొక్కటే పంచలోహ హంస ముక్కులోంచి కడుపులోకి వెళ్లి, అక్కడి రాగిరేకులమీదికి నకలై తిరిగి బయటికొచ్చాయి. ఆ పైన రాజు ఒక రాగిశాసనం చెక్కించి సభాద్వారానికి బిగించాడు:

"హంస చెప్పిన తీర్పు అమావాస్య దాటకుండా అమలు కావలెను. దానిని మార్చే అధికారం ఏ మనిషికీ లేదు, మాకును లేదు. హంస తీర్పును హంసయే మార్చవలెను. అడ్డు వచ్చినవాడు ఎవడైనను హంస ముందు నిలువవలెను."

ఐదు నెలలైంది. ఆ శాసనం కిందనుంచే మల్లారి ఇప్పుడు పాలకావడితో వంగి వెళ్తున్నాడు.

"గంగులేడీ?" అని ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు.

"మా మావకి జొరం దొరా. వొళ్లు కాలిపోతంది."

"నీ పేరేంటి?"

"పాలేగదా దొరా, పేరడిగి పోయించుకుంటారా?"

ద్వారపాలకుడు నవ్వి ఈటె తీశాడు. మల్లారి వీపున చెమట కాలువ కట్టింది.

ఆహా, ఏమి మండపమది! నీలిక నదిలోకి చొచ్చుకుపోయిన గట్టుమీద నూట ఎనిమిది చంద్రకాంతపు స్తంభాలు, స్తంభానికొక మకరతోరణం, తోరణానికొక ముత్యాల జాలరు. నదివైపు గోడే లేదు. అటునుంచి వచ్చే గాలికి జాలర్లు గలగలలాడుతుంటే, కింద తెల్లరాతి మెట్లను కెరటాలు ఆగకుండా కడుగుతుంటాయి. నడుమ పద్మపీఠం మీద నిలువెత్తు హంస. దాని రెక్కల్లో వేయి రాగిరేకులు, కళ్లల్లో కెంపులు. కుడివైపు వెండిగిన్నె నిండా పాలు, ఎడమవైపు రాగిగిన్నె నిండా కుంకుమనీళ్లు. నిందను రాసిన తాటాకు ముక్కుకు అందిస్తే, లోపల చక్రాలు గిరగిర తిరుగుతాయి. ముక్కు పాలలో ముంచితే నిర్దోషి. కుంకుమనీళ్లలో ముంచితే మొసళ్లు.

మల్లారి పాతపాలు తీసి కొత్తపాలు పోస్తూ గిన్నెల వంక చూశాడు. ఎర్రగిన్నె అంచు ముక్కు తగిలి తగిలి అరిగిపోయింది. వెండిగిన్నె అంచుమీద గీత కూడా లేదు. "పోసిన పాలు పోసినట్టే సాయంత్రం వెనక్కి తెస్తన్నా. మా వీధి పిల్లులు దుక్కల్లా బలిసినాయి" అని దారిలో గంగులు వేళాకోళంగా అన్న మాట గుర్తొచ్చింది. ఐదు నెలల్లో ఒక్కడంటే ఒక్కడు కూడా నిర్దోషి లేడా? ఇన్ని లక్షల జనంలో ఏ ఒక్కడిమీదా అబద్ధపు నింద పడలేదా?

'లోపల మనిషున్నాడు' అనుకున్నాడు మల్లారి. 'ఆ పగడదీవి వాడి మనిషే. వాడు తిప్పిన వైపుకల్లా మెడ తిరుగుతోంది. వాణ్ణి జుట్టు పట్టుకుని సభలోకి ఈడ్చుకొస్తే అక్క బతుకుతుంది.'

మధ్యాహ్న భేరి మోగింది. సభ భోజనాలకు లేచింది. మల్లారి మాత్రం పీఠం వెనక్కి జారి, కావడి దాచి, ఊపిరి బిగబట్టి కూచున్నాడు. అడుగుల చప్పుడు పూర్తిగా సద్దుమణిగాక హంస కడుపు కింద వేళ్లతో తడిమాడు. ఒక రేకు కదిలింది. లాగాడు. మోకాలంత తలుపు తెరుచుకుంది.

లోపల మనిషి లేడు! మనిషి పట్టే చోటే లేదు. చిన్నవీ పెద్దవీ చక్రాలు, వాటి మధ్య వేలకు వేల పలచని రాగిరేకులు, ప్రతి రేకుమీదా చీమతలంత అక్షరాలు. మల్లారి నమ్మలేక చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చాడు. అంతే! ఎక్కణ్ణుంచో రాగితీగ ఒకటి పాములా లేచి మణికట్టును చుట్టి బిగుసుకుంది.

"మనిషి కోసమేనా వెతుకుతున్నావు?" అని వెనకనుంచి మెత్తటి గొంతు వినిపించింది.

విద్రుమాచార్యుడు. సన్నగా, పొడుగ్గా, ఉతికిన పట్టుబట్టలో ఒక్క ముడత లేకుండా నిలబడ్డాడు. గొంతు పెంచడు, కనురెప్ప ఎప్పుడో గానీ ఆర్పడు. అతణ్ణి చూస్తే కోపం రావలసింది పోయి మల్లారికి ఒళ్లు గగుర్పొడిచింది.

"అందరికీ అదే అనుమానం నాయనా. లోపల ఎవరూ లేరు. దీని గొప్పతనమే అది."

"ఎవరూ లేకపోతే, తప్పు పడిన రోజున మేం ఎవరి గొంతు పట్టుకోవాలయ్యా?"

"తప్పు పడదు."

"ఎట్లా తెలుసు నీకు?"

విద్రుముడు చప్పట్లు కొట్టాడు. నలుగురు భటులు ఈటెలతో దూసుకొచ్చారు. మల్లారి రెండో చేత్తో పాలకుండ అందుకుని, అడుగున పేరుకున్న మీగడంతా చేతికీ తీగకూ పట్టించి ఒక్క గుంజు గుంజాడు. చర్మం చీరుకుపోయింది గానీ చెయ్యి ఊడి వచ్చింది. మొదటి భటుడి ముఖాన కుండ, రెండోవాడి కాళ్లకు కావడి బద్ద! మూడోవాడు పొడిచేలోగా మల్లారి పైనుంచి వేలాడే సభ గంట గొలుసు పట్టుకుని కోతిలా పైకి పాకాడు. గంట గణగణ మోగింది. కప్పు సందులోంచి బయటపడి, కలశాల మధ్య పరుగెత్తి, అటువైపు చూస్తే పదిహేను మూరల దూరంలో పాత తాటాకు పాక ఒకటి కనిపించింది. వెనక భటుల అరుపులు దగ్గరవుతున్నాయి. ఇష్టదైవాన్ని తలుచుకుని దూకాడు.

పాక కప్పు చిరిగింది. మల్లారి కింద ఉన్న పెద్ద గంగాళంలో దభీమని పడ్డాడు.

"ఎవడ్రా అది నా నిమ్మగడ్డి నూనెలో పడి చచ్చింది!" అని ఒక ముసలిగొంతు కయ్యిమంది. "నెల్లాళ్లు కాచిన నూనెరా, నీ చేతులు పడిపోనూ!"

అది పత్రభాండారం. రాజ్యంలోని తీర్పుల తాటాకులకు పురుగు పట్టకుండా నూనె పూసి, కట్టలు కట్టి కాపాడే చోటు. ఆ ముసలావిడ పేరమ్మ, నలభై ఏళ్లుగా ఆ ఆకులతోనే కాపురం చేస్తున్న మనిషి. మల్లారి నూనె కారుతూ లేచి, ఆమె కాళ్లు పట్టుకుని, రేవమ్మ తమ్ముణ్ణని, ప్రాణం మీదికొచ్చి పడ్డానని రెండు ముక్కల్లో చెప్పాడు.

పేరమ్మ కోపం చల్లారింది. "రేవమ్మ తమ్ముడివా? ఎన్నిసార్లు ఎక్కానో ఆ తల్లి పడవ. సరే, ఆ అటక వెనక దూరు. నోరు మూసుకుని కూచో, నోరెత్తావో నేనే పట్టిస్తా" అని అతణ్ణి ఆకుల అటక వెనక్కి తోసింది. భటులు తలుపు తోసుకుని వస్తే, చిరిగిన కప్పు చూపించి, "మీ సభ కోతులు నా కప్పు పీకాయి, బాగు చేయించేదెవరు? పోండి, మీ నాయకుణ్ణి పిలుచుకురండి!" అని ఎదురు తగులుకుంది. వాళ్లు ఆమె నోటికి జడిసి వెనుదిరిగారు.

అటక వెనక మల్లారి చుట్టూ ఆకుల కట్టలే. కింద నుంచి కప్పు దాకా వేలకొద్దీ ఉన్నాయి. ప్రతి కట్టకూ ఎర్రదారమే చుట్టి ఉంది.

"అవ్వా, ఈ ఎర్రదారం ఏంటి?"

"దోషి అని తేలిన వ్యాజ్యానికి ఎర్రదారం. నిర్దోషి అని తేలితే తెల్లదారం."

"తెల్లదారం కట్టలు ఎక్కడ పెట్టావు?"

పేరమ్మ వాడొక పిచ్చివాడన్నట్టు చూసింది. "ఇక్కడెందుకుంటాయిరా? నిర్దోషి అని తేలగానే ఆ ఆకులు వాళ్ల చేతిలోనే పెడతాం గదా. సభ వాకిట్లో హోమగుండంలో వేసి కాల్చుకుని, చేతులు కడుక్కుని, పసుపు బొట్టు పెట్టుకుని ఇంటికి పోతారు. పడ్డ నింద ఎక్కడా రాతలో మిగలకూడదని తాతల నాటి ఆనవాయితీ. సరిహద్దున పుట్టావా ఏంటి, ఇది కూడా తెలీదూ?"

మల్లారి ఆ ఎర్రదారం కట్టలవైపు మరోసారి చూశాడు. 

"అవ్వా, ఆ పగడదీవి ఆయనకు ఏ ఆకులు ఇచ్చావు?"

"ఉన్నవన్నీ ఇచ్చాను. అన్నీ ఇమ్మన్నాడు, అన్నీ..." పేరమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలోని నూనెగుడ్డ కింద పడింది. "అయ్యో! అన్నీ ఎర్రదారాలే గదరా!"

"మూడు వందల ఏళ్లలో ఒక్క నిర్దోషి ముఖం కూడా ఆ హంస చూడలేదవ్వా. చూడనిది దానికెట్లా తెలుస్తుంది? దానిముందు ఎవడు నిలబడినా దోషే!"

"నా చేతుల్తో నేనే ఇచ్చానురా తండ్రీ! ఐదు నెలలుగా ఎంతమంది పోయారో!" అని ఆ ముసలావిడ నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మల్లారి ఆమెను లేవదీశాడు.

"ఏడవడానికి ఇప్పుడు పొద్దు లేదవ్వా. ఎక్కడైనా ఒక్క తెల్లదారం కట్టయినా మిగిలుంటుందా?"

పేరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఉంటాయి. మా పుట్టింటి గుగ్గిలకోనలో ఉంటాయి. రాత ఉన్న ఆకును మావాళ్లు నిప్పులో వేయరు, వేస్తే ఆ ఇంటి మాటకు విలువ పోతుందని నమ్మకం. సభలో మొక్కుబడికి ఎండుటాకులు నాలుగు కాల్చి, అసలువి వెదురుగొట్టాల్లో పెట్టి గుహలో దాచుకుంటారు. ఎన్ని తరాలవో! కానీ ఏటికి ఎదురు మూడు రోజుల ప్రయాణం గదరా."

బయట సభా భేరి మళ్లీ మోగింది. మూడు రోజులెక్కడ, మూడు గడియలెక్కడ! "నడువవ్వా" అన్నాడు మల్లారి. ఇక వేషాలు లేవు. పాగా విప్పి అవతల పారేశాడు.

వాళ్లిద్దరూ పెరటి దారిన మండపంలో అడుగుపెట్టేసరికి, సభ నిండి ఉంది. సింహాసనం మీద ఉదయకంఠీరవుడు, పక్కన విద్రుముడు, నదిమెట్ల దగ్గర తలారుల నడుమ చేతులు కట్టించుకుని రేవమ్మ. తమ్ముణ్ణి చూడగానే ఆమె ముఖం వెలగలేదు, పాలిపోయింది.

"ఎందుకొచ్చావురా? నేనొక్కదాన్ని చాలదూ ఈ మొసళ్లకి?"

భటులు మల్లారి మీద పడ్డారు. ఒంటినిండా నూనె ఉండటంతో పట్టుకున్నవాడల్లా జారిపోయాడు. సభలో ఎవరో నవ్వారు. ఆ సందులో మల్లారి సింహాసనం ముందు సాష్టాంగపడి అరిచాడు: "మహారాజా, మీ హంసకు పాలగిన్నె అంటే ఏంటో తెలీదు! ఈ అవ్వను అడగండి!"

రాజు చెయ్యెత్తాడు. అంతా సద్దుమణిగింది. పేరమ్మ వణుకుతూనే మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి గట్టిగా చెప్పింది. ఎర్రదారాలు, తెల్లదారాలు, హోమగుండం, తాను ఇచ్చిన కట్టలు. సభలో ప్రతివాడికీ తెలిసిన ఆనవాయితే అది. తాతల నాటినుంచి కళ్లముందు జరుగుతున్నదే. అయినా ఆ రెండు సంగతులనూ కలిపి చూసినవాడు ఒక్కడూ లేడు. రాజు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆచార్యా, ఇది నీకు తెలుసా?"

"ఉన్న ఆకులన్నీ అడిగాను మహారాజా. ఉన్నవన్నీ ఇచ్చారు" అన్నాడు విద్రుముడు, రెప్ప ఆర్పకుండా. "అయినా హంస దోషులని చెప్పినవాళ్లలో ఒక్కరైనా నిర్దోషి అని రుజువుందా?"

తెలుసనీ అనలేదు, తెలియదనీ అనలేదు. మల్లారి ఆ సంగతి మనసులో పెట్టుకున్నాడు. "ప్రభూ, జరగని నేరం ఒకటి రాయించి హంసకివ్వండి. రుజువు మీ కళ్లముందే పడుతుంది. నా పేరే రాయించండి."

"వద్దురా!" అని రేవమ్మ కేక పెట్టింది.

రాజు తానే గంటం అందుకున్నాడు. కొలువులో నిలబడ్డ విదూషకుణ్ణి చూపించి, "మల్లారి అనేవాడు విదూషకుణ్ణి పడవ ఎక్కించుకున్నాడు, ఆ పిమ్మట విదూషకుడు కానరాలేదు" అని రాశాడు. విదూషకుడు కంగారుగా తన బుగ్గ తానే గిల్లుకుని, "ప్రభూ, నేను ఇక్కడే ఉన్నాను, పొద్దున తిన్న గారెలు ఇంకా అరగలేదు" అని చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తాటాకు హంస ముక్కులోకి వెళ్లింది. చక్రాలు గిరగిర తిరిగాయి. ముత్యాల జాలర్లు కూడా ఆగినట్టనిపించింది. హంస మెడ నిదానంగా లేచి, ఒక్క లిప్త కూడా తటపటాయించకుండా ఎడమవైపు వంగి ఎర్రగిన్నెలో మునిగింది. రెక్క కిందినుంచి రాగిరేకు ఒకటి జారిపడింది. రాజే తీసి చదివాడు: "ఇటువంటి పడవ వ్యాజ్యములు పూర్వము నలభై ఒకటి. నలభై ఒకటియు దోషములే. ఇదియు దోషమే."

సభ హాహాకారాలతో దద్దరిల్లింది. "మా అన్నను చంపారు!" అని ఒక మూల నుంచి, "నా బిడ్డను ఇచ్చెయ్యండి!" అని మరో మూల నుంచి ఏడుపులు లేచాయి. రాజు సింహాసనం అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లనీళ్లు అందరికీ కనిపించాయి.

"మహారాజా" అన్నాడు విద్రుముడు అదే మెత్తటి గొంతుతో. "తీర్పు తీర్పే. శాసనం తమరిదే. ఇప్పుడు దోషులు ఇద్దరు."

 సంగతి రుజువైతే చాలు, అక్కను వదిలేస్తారనుకున్నాడు మల్లారి. రుజువైంది. అక్క కట్లు మాత్రం ఊడలేదు, తన చేతులకు కూడా తాళ్లు వచ్చాయి.

రాజు ద్వారంమీది రాగిశాసనం వంక చూశాడు. "తప్పును దిద్దే చేతిని మేమే నరుక్కున్నాం" అన్నాడు. తరువాత గొంతు మార్చి, "హంస తీర్పును హంసే మార్చాలి. ఆచార్యా, నిర్దోషుల ఆకులు తెచ్చి తినిపిస్తే అది నేర్చుకుంటుందా?"

విద్రుముడు మొదటిసారి రెప్ప ఆర్పాడు. "...నేర్చుకుంటుంది."

"తలారీ, శాసనం ఏమంటుంది? అమావాస్య దాటకుండా అంటుంది. అమావాస్యకు ఇంకా ఏడు రోజులున్నాయి. ఇవాళే తోయాలని ఎక్కడుంది? చేతులు కట్టాలని ఎక్కడుంది? కట్లు విప్పు. ఈ ఇద్దరూ తమ పడవలో తామే మడుగుకు వెళ్తారు. పడవ ముందు ఏ దిక్కుకు పోవాలో మా శాసనంలో లేదు."

తలారి ముఖం విప్పారింది. ఒక్క కోతకు తాళ్లు తెగాయి. పేరమ్మ మల్లారి చెవిలో గబగబా, "కోనలో పేరమ్మ పంపిందని చెప్పు. మా అన్న కొడుకు గుహ తలుపు తీస్తాడు" అంది. అక్కాతమ్ముళ్లు తెల్లరాతి మెట్లు నాలుగేసి చొప్పున దిగి, కింద కట్టేసి ఉన్న రేవమ్మ పడవలోకి ఉరికారు. రేవమ్మ తెడ్డు అందుకుంది. ఆ చేతుల్లోకి తెడ్డు రాగానే ఆమె మళ్లీ మనిషయింది. పడవ బారెడు దూరం జరిగింది.

అప్పుడు పైన, గోడలేని ఆ మండపంలో, మల్లారికి ఒక దృశ్యం కనిపించింది. విద్రుముడు తొందరపడకుండా ఒక తాటాకు తీసుకుని ఏదో రాశాడు. దాన్ని సభకు చదివి వినిపించాడు. "ఉదయకంఠీరవుడనేవాడు హంస తీర్పుకు అడ్డుపడి దోషులను విడిచెను." ఆకు హంస ముక్కులోకి పోయింది. ఎవరైనా ఆపుతారేమోనని మల్లారి చూశాడు. ఎవరూ ఆపలేదు. ఆపితే వాళ్లూ హంస ముందు నిలబడాలి.

మెడ ఎడమకే వంగింది.

సభంతా రాజు వంక చూసింది, భటులు శాసనం వంక చూశారు. ఆ తరువాత ఒకడి వెంట ఒకడుగా ఈటెలు సింహాసనం వైపు తిరిగాయి. "క్షమించండి ప్రభూ, తమరి ఆజ్ఞే గదా" అని సేనాని ఏడుస్తూ ఆయన కిరీటం తీశాడు. రాజు పెనుగులాడలేదు. విద్రుముడు ఆయన వేలినుంచి రాజముద్రిక తీసి, తాను పెట్టుకోకుండా, ఒక పట్టుదారానికి గుచ్చి హంస మెడలో వేశాడు. సభ మొత్తం, ఏం చేస్తున్నారో తమకే తెలియకుండా, ఆ హంసకు వంగి నమస్కరించింది. పేరమ్మ ఒక్కతే నిటారుగా నిలబడింది.

"నదీద్వారం మూయండి!" అన్న విద్రుముడి గొంతు మొదటిసారి గట్టిగా వినిపించింది.

కోటగోడ కింద నీళ్లలోంచి ఇనుపగొలుసు కిర్రుకిర్రుమంటూ లేస్తోంది. "పడుకో తమ్ముడూ!" అంది రేవమ్మ. తాను కూడా పడవ అడుగుకు అతుక్కుపోయి, కాలితో తెడ్డును ఒక్క తోపు తోసింది. గొలుసు పడవ అంచును చెక్కుతూ, మల్లారి వీపుమీది చొక్కాను చీల్చుకుంటూ పోయింది. పడవ దాటింది. వెనక గోడమీద బాణాలు సంధిస్తున్నారు. రేవమ్మ లేచి కూర్చుని, పడవ ముక్కును ప్రవాహానికి ఎదురు తిప్పి, ఒక్కసారి వెనక్కి చూసింది.

"ఒరే, నన్నంటే చూసుకోడానికి నువ్వొచ్చావు. ఆ రాజుగారికి ఎవరున్నార్రా?"

మొదటి బాణం వాళ్లిద్దరి మధ్య చెక్కలో దిగబడి వణికింది. మల్లారి దాన్ని పెరికి చేతబట్టుకున్నాడు.

"మనమే ఉన్నామక్కా. తెడ్డు వెయ్యి."